ముల్లు కాదు, ఊపిరి

నా చిన్నప్పుడు ఒకరోజు పగటిపూట మా నాయనమ్మ నన్నూ మా పిల్లినీ ఎండుచేపల గదిలోకి తోసి గొళ్ళెం వేసింది. వేయించి పెట్టిన వంజరం చేప ముక్క మాయమైంది. పిల్లి తింటుంటే నేను చూస్తూ ఊరుకున్నానని నేరం మోపింది. అది తినలేదు మొర్రో అన్నాను. ఎవరూ వినలేదు. వినకపోవడం నేను ఇవాళ్టికీ మరిచిపోలేదు.

గదికి జానెడు కిటికీ ఒక్కటే. ఉప్పు వాసనకు కళ్ళు మండుతున్నాయి. కాసేపటికి పిల్లి మూలన ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, మెడ చాచి కూర్చుంది. నోరు తెరిచి కుక్కలా ఒగరుస్తోంది. అరుపు మాత్రం లేదు. భయమేసి తలుపు బాదాను.

"సేప తిన్నాది కదా, ముల్లు దిగుంటాది. ముద్ద మింగించు" అంటూ నాయనమ్మ కిటికీలోంచి అన్నం ముద్ద అందించింది. గొంతులో ముల్లు గుచ్చుకుంటే మా చేపల ఇళ్ళలో మనుషులకైనా అదే వైద్యం. తలుపు మాత్రం తీయలేదు.

పిల్లి దవడ పట్టుకున్నాను. అంతలో నా ఏడుపు విని పక్కింటి అక్క కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఒసే, ఆగు! ముద్దెడితే సచ్చిపోతాది. ముల్లైతే కాలితో మూతి గీరుకుంటాది. గీరుకుంటన్నాదేటి? డొక్కలు సూడు."

గీరుకోవడం లేదు. డొక్కలు లోపలికి పీక్కుపోతూ ఎగురుతున్నాయి. చిగుళ్ళు నీలంగా ఉన్నాయి.

అక్క ఎవరినీ అడగకుండా గొళ్ళెం తీసింది. పొట్ట నొక్కకుండా పిల్లిని బుట్టలో పెట్టి పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరింది. గడప దగ్గర ఆగి నాయనమ్మతో అంది: "మొన్నట్నుంచి ముక్కు కారతన్నాది, ఒళ్ళు నాక్కోడం మానేసినాది. ఊపిరాడని పిల్లి సేపేటి తింటాది, పెద్దమ్మా?"

పిల్లి బతికింది. నాయనమ్మ మాత్రం పోయేదాకా ఒకటే మాట: "గొళ్ళెమేటి? తలుపు దగ్గరగా తోసినానంతే." ఆ గొళ్ళెం చప్పుడు విన్నది నేను.

నేనంత అరిచాను కదా, అది ఎందుకు అరవలేదని తరువాత అక్కను అడిగాను. "అరిసేదానికి ఊపిరున్నట్టే. అరవనిదాన్నే ముందు సూడాల" అంది.

అప్పటినుంచి నేను ఆ గొళ్ళెం వేసిందనే అరుస్తూ ఉన్నాను. ఇంట్లోవాళ్ళకు విసుగు. నాకు ఊపిరుంది, అరుస్తాను. కానీ పిల్లైనా మనిషైనా మూలన నోరెత్తకుండా కూర్చుంటే, నా గొడవ సగంలో ఆపి ముందు వాళ్ళ ఊపిరి చూస్తాను. అది సరిగ్గా ఉందంటే మళ్ళీ ఆ గొళ్ళెం గొడవకే వస్తాను.