మా బావికి బ్లీచింగ్ వేసిన ఎండాకాలం

ధర్మవరంలో మా ఇంటి వెనక ఉన్న దిగుడుబావి గురించి అప్పట్లో వీధిలో ఎవరిని అడిగినా రెండు మాటలు చెప్పేవారు. పట్టుకు రంగు బాగా పట్టే నీళ్ళని ఒకటి, ఆడపిల్లలు ఈత కొట్టే నీళ్ళని ఇంకొకటి. మొదటి మాట గొప్పగా చెప్పేవారు. రెండోది మూతి తిప్పుకుంటూ చెప్పేవారు.

నేను పుట్టింది బెళుగుప్ప దిక్కు. అక్కడ మాకు స్నానమంటే రెండు చెంబులు. ఆ రెండు చెంబులూ వంకాయ మొక్కల పక్కన నిలబడి పోసుకోవాలి, లేకపోతే మా అమ్మ ఊరుకునేది కాదు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన మర్నాడు పెరట్లోకి పోయి చూస్తే, రాతి మెట్లు దిగుతూ దిగుతూ పోయి నీళ్ళలో కలిసిపోయాయి. పై మెట్టు మీదే కూర్చుండిపోయాను. మనిషి మునిగేంత నీళ్ళు ఒక ఇంటికి సొంతంగా ఉంటాయని అంతవరకు నాకు తెలీదు.

ఆ ఏడే ఈత నేర్చుకున్నాను. నేర్పింది మా అత్త. మగవాళ్ళు మగ్గాల దగ్గర ఉన్న పొద్దులో, నీళ్ళలో తేలే ఎండిన కిత్తనార బెండ్లు నా నడుముకు కట్టి, చీర గోచి పోయించి, ఒక్క తోపు తోసింది. "మునిగితే నేనుండా లేవే" అనింది. ఆమెకు ఆమె అత్త నేర్పించిందట. వీధిలో మగపిల్లలకైతే ఊరి బయట చేను బావులు ఉన్నాయి. చుట్టూ గోడ ఉన్న బావి మాదొక్కటే. అందుకే ఎండాకాలం వస్తే మా వీధి ఆడపిల్లలంతా మా పెరట్లోనే ఉండేవారు. అత్త పోయాక వాళ్ళను చూసుకునే పని నాకు వచ్చింది.

మా మామ పట్టుకు రంగులు వేసే మనిషి. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. పండగనాడు కూడా ఆ చేతులు కడిగితే పోయేవి కావు. బావి నీళ్ళు తోడి రాగి కాగుల్లో కాచి, అందులో పట్టు లడులు, అంటే పోగుల చుట్టలు, ముంచి తిప్పేవాడు. తాగే నీళ్ళు మేము వేరే చోటి నుంచి తెచ్చుకునేవాళ్ళం. ఈ బావి రంగుకు, స్నానాలకు, ఈతకు. దాన్ని శుభ్రం చేసే బాధ్యత మామదే. పక్షానికి ఒకసారి పిడికెడంత పటిక గుడ్డలో మూట కట్టి, తాడుకు వేలాడదీసి, బావి చుట్టూ తిరుగుతూ నీళ్ళలో ఈడ్చేవాడు. మర్నాటికి బురదంతా అడుక్కు దిగిపోయి, నీళ్ళు అద్దంలా తేటపడేవి. అప్పుడు ఒక చెంబుడు ఎత్తి ఎండకు పెట్టి చూసి, "ఇవి నీళ్ళంటే" అనేవాడు. రంగు పనివాళ్ళ కన్ను అట్లాంటిది. తేటగా ఉంటే మంచి నీళ్ళు, మడ్డిగా ఉంటే చెడ్డ నీళ్ళు. మూడో రకం ఉంటుందని ఆ కంటికి తోచదు. నాకూ తోచలేదు, నిజం చెప్పాలంటే.

ఎనభైల మొదట్లో వరసగా వానలు ఎగ్గొట్టాయి. ఆ ఎండాకాలానికి బావిలో ఏడెనిమిది మెట్ల నీళ్ళు మిగిలాయి. నీళ్ళు తగ్గినా పిల్లలు తగ్గలేదు. నా కూతురికి అప్పుడు తొమ్మిదేళ్ళు. పొద్దున దిగితే మధ్యాహ్నం అన్నానికి పిలిచినా వచ్చేది కాదు. ఒకనాడు సాయంత్రం వాంతి చేసుకుంది. రాత్రికి భేదులు. తెల్లారేసరికి కళ్ళు లోపలికి పోయి, చర్మం గిల్లితే గిల్లినట్టే నిలబడింది. పెద్దాసుపత్రిలో రెండు రోజులు సెలైను ఎక్కించారు. పక్క మంచాల్లో మా వీధి పిల్లలే ఇంకో ఇద్దరు. ముగ్గురికీ ఇంట్లో తాగిన నీళ్ళు వేరు, తిన్న తిండి వేరు. ఒకటిగా ఉన్నది మా బావి ఒక్కటే. ఈత కొట్టేటప్పుడు పిల్లలు నీళ్ళు మింగుతారని డాక్టరమ్మ చెప్పాలా నాకు? నేనూ ఎన్ని మింగానో.

పిల్లను ఇంటికి తెచ్చిన రెండో నాడే ఆరోగ్య శాఖ సారొకాయన సంచీ తగిలించుకుని వచ్చాడు. సంచీలో బ్లీచింగ్ పౌడర్. వీధి సగం ఆయన వెంటే మా పెరట్లోకి వచ్చింది.

"పెద్దాయనా, ఈ బాయిలో పొడి ఎయ్యాల. ముగ్గురు పిల్లోల్లు పడినారు" అన్నాడు సారు.

మామ ఆయన్ని మెట్ల దాకా తీసుకుపోయాడు. "వంగి చూడు సామీ. అడుగున రాయి కనపడ్తాండాదా లేదా?"

"కనపడితే సాలదు పెద్దాయనా."

"కనపడకపోతే సాలుతాదా?"

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు, కానీ సంచీ విప్పాడు. మామ చిటికెడు పొడి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, తల వెనక్కి లాక్కున్నాడు.

"ఇది మరకలు తీసే మందప్పా! రంగు ఏసుకొని బతికేటోని బాయిలో రంగు తీసే మందు ఏయమంటాండావు. పట్టు సచ్చిపోతాది."

"ఏయకపోతే బాయిలో ఎవురూ దిగగూడదు. నేను రాసుకొని పోవాల."

"రాసుకో. మెట్లకు కంప అడ్డమేస్తా. ఈత మానుకుంటే పోయె. దానికి ఇంత రచ్చ ఏల?"

నేను అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ముందుకు వచ్చాను.

"ఎవరి ఈత మామా, మానుకునేది?"

"నీ కూతురిది. ఇంగెవరిది? ఆడపిల్లకు ఈతెందుకు? నీళ్ళు మోసేది వస్తే సాలదా?"

"అత్తకు ఎందుకో, నా బిడ్డకూ అందుకే."

పెరట్లో ఎవరూ నవ్వలేదు. అందరి ముందర మామకు నేను ఎదురు మాట్లాడటం అదే మొదలు. ఒకసారి మొదలుపెట్టాక ఆపబుద్ధి కాలేదు. "మగపిల్లోల్లకు రోగమొస్తే సేను బావులు మూస్తారా? మూయరు. మందేస్తారు. ఈడా మందే ఏస్తాం. సార్, ఎట్ల కలపాలో నాకు చెప్పు" అన్నాను.

ఆయన చెప్పాడు. బకెట్లో పొడి వేసి, కొంచెం నీళ్ళతో ముద్దలా కలిపి, తర్వాత బకెట్ నింపి, తెల్ల మడ్డి అడుక్కు దిగేదాకా ఆగాలి. పైనున్న తేట మాత్రమే బావిలో పోయాలి. రాత్రంతా ఎవరూ ముట్టకూడదు. వారం వారం మళ్ళీ వేయాలి. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కాగితం మీద రాసుకోలేదు. కానీ ఒకసారి విన్నది నా దగ్గర నుంచి ఎక్కడికీ పోదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నేనే పోశాను. మామ అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు.

"పొయ్, పొయ్. రేపు పొద్దున వీధికంతా సూపిస్తా."

చూపించాడు కూడా. తెల్లవారగానే ఆ నీళ్ళే తోడి కాగులో పోసి, కావాలని రాణి రంగు, అంటే ఎరుపు కలిసిన ముదురు గులాబీ, పెట్టాడు. రంగులన్నిట్లో సుకుమారమైనది అదే. లడి పైకి తీస్తే ఒకచోట ఎరుపు, ఒకచోట పాలిపోయిన గులాబీ, ఒకచోట తెలుపు. దాన్ని తీసుకుపోయి వీధి వాకిట్లో దండెం మీద ఆరేశాడు. పొద్దెక్కేసరికి జనం వచ్చి పోతున్నారు.

"ఏం మా, కొత్త డిజైనా?" అని అడిగింది ఎదురింటి ఆమె, పైట నోటికి అడ్డం పెట్టుకుని.

"అవునక్కా. నీకొక గజం పంపిస్తాలే, కట్టుకుందువు."

నోటితో అట్లా అన్నాను గానీ, లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చున్నాను. మామ అబద్ధం చెప్పలేదు. పట్టు పాడైంది. మా ఇల్లంతా ఆ కాగుల మీదే నడిచేది. మా ఆయన మగ్గం గుంటలో నుంచే అడిగాడు, "నాయన చెప్పింది నిజమే కదా?" అని.

"నిజమే. బిడ్డ సావబోయిందీ నిజమే. నువ్వేమంటావు?"

"నాకేం తెలీదు. మీరిద్దరూ తేల్చుకోండి" అని మళ్ళీ నాడె ఆడించాడు.

మామ మెట్లకు తుమ్మకంప అడ్డం పెట్టాడు. నా కూతురు ఇంకా పూర్తిగా కోలుకోలేదు, మొహం ఇంతై ఉంది. ఆ కంప దగ్గర నిలబడి నీళ్ళ దిక్కు చూసేది. "మా, ఇంగ అంతేనా?" అని అడిగింది. ఇంకో రెండేళ్ళు పోతే ఆ పిల్లకు ఓణీ వేస్తారు. ఓణీ వేసినాక కొత్తగా నీళ్ళలో దించనిచ్చేవాళ్ళు ఎవరున్నారు? ఆ ఎండాకాలం ఆగిన ఈత మళ్ళీ మొదలయ్యేది కాదు. అత్తల నుంచి నా దాకా వచ్చి నాతోనే పోయేది. అది నేను ఒప్పుకోలేకపోయాను.

మా పెరట్లో బర్రెకు రాతి తొట్టి ఒకటి ఉండేది. పొడి వేసిన మర్నాడు దాన్ని బావి నీళ్ళతో నింపితే, బర్రె మూతి పెట్టి, ముక్కు చీది, వెనక్కి పోయింది. మూడోనాడు చూస్తే అదే తొట్టిలో అదే బర్రె తోకాడిస్తూ తాగుతోంది. నేను వంగి వాసన చూశాను. ఘాటు లేదు. ఎండ తినేసింది.

దండెం మీది లడిలో ఎర్రగా నిలిచినచోట నుంచి రెండు పోగులు తెంపాను. ఒకటి అప్పుడే తోడిన బావి నీళ్ళలో వేశాను, ఇంకొకటి తొట్టి నీళ్ళలో. మధ్యాహ్నానికి మొదటిది వెలిసిపోయింది. రెండోది ఎట్లా వేశానో అట్లాగే ఉంది. నమ్మలేక ఇంకోసారి చేశాను. అదే తీరు. బయటికి తీసుకుపోయి, మామ ముందర అరుగు మీద రెండు పోగులూ పరిచాను. ఆయన కన్ను మీద నాకు నమ్మకం ఉంది.

రెండోదాన్ని వేళ్ళ మధ్య తిప్పి, ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. "ఇది ఏ నీళ్ళది?"

"మన బాయివే."

"పొడి ఏయనప్పటివా?"

"ఏసినవే. తొట్టిలో రెండెండలు తిన్నాయి."

లేచి పోయి ఆ తొట్టి నీళ్ళు కాగులో పోసి, ఒక చిన్న లడి ముంచాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఆయన కాసేపు తిప్పాడు. లడి పైకి తీసి పిండాడు. మొదటి నుంచి చివరిదాకా ఒకటే రంగు. నేను మొహం చూశాను, ఏమైనా అంటాడేమోనని. ఆయన లడిని విదిలించి దండెం మీద వేస్తూ, "రెండు దినాల ముందరే నీళ్ళు తోడి పెట్టాలంటే, ఎవరు మోస్తారు?" అని మాత్రం అన్నాడు.

"నేను మోస్తా."

"దినామూనా?"

"దినామూ."

"సూస్తాం."

చూశాడు. ఇంకో తొట్టి తెప్పించి పక్కన పెట్టాము. ఒకటి ఎండలో ఉంటే ఒకటి వాడకం. కింది మెట్ల నుంచి బిందె చంకన పెట్టుకుని, ఒక్కో తొట్టికి ఇరవైకి పైగా బిందెలు. మొదటి వారం నడుము పట్టేసి గోడ పట్టుకుని నడిచాను. "పాపం" అంటారని వీధిలోకి పోలేదు. ఎదురింటి ఆమె ఒకనాడు వచ్చి చూసి, "పిల్ల ఈతకని ఇంత సాకిరీనా మా?" అని అడిగింది. "నీ కూతురు కూడా దిగేది కదక్కా. ఒక బిందె పట్టుకో మరి" అన్నాను. పట్టుకుంది, ఏమనుకుందో. తర్వాత రోజుకు కొన్ని బిందెలు ఆమే మోసింది.

పొడి వేసిన బావిలో ముందు నేనే దిగాను. నాకేమన్నా అయితే తెలుస్తుంది కదా అని. కళ్ళు మండాయి, జుట్టు బిరుసైంది, అంతకు మించి ఏమీ కాలేదు. పది రోజులు చూశాను. అప్పుడు పోయి కంప లాగేశాను. ముల్లు అరచేతిలో దిగింది. మామ పైన గట్టు మీద పటిక మూట కట్టుకుంటున్నాడు, పక్షం తిరిగింది కనుక. ఆయన పటిక ఆయన మానలేదు, నేను మానమనలేదు. ఆయన చనిపోయేదాకా మా బావికి రెండూ పడ్డాయి. నీళ్ళు బాగుంటే అది పటిక వల్లనే అని ఆయన చెప్పుకునేవాడు.

నా కూతురు మెట్ల మీద నిలబడి తాతను అడిగింది, "జేజినాయనా, దూకనా?"

ఆయన మూట ముడి వేస్తూ తలెత్తలేదు. "నన్నడుగుతావేమి? మీ యమ్మను అడుగు. బాయి ఆమెదంట కదా."

"అవును, నాదే" అన్నాను. "దూకు."

బెండ్లు కట్టుకోకుండానే దూకింది. ఆమె వెనకే ఎదురింటి పిల్ల, ఆ వెనక ఆసుపత్రిలో పక్క మంచాల్లో పడుకున్న ఇద్దరూ. నేను చీర గోచి పోసుకుని, పట్టపగలు, మామ చూస్తుండగా, మెట్లు దిగాను.