రుమాలు కుట్టిన టోపీ

పేరుకే బక్కమ్మ. పెన్‌పహాడ్ బజారులో ఆమె ఎదురొస్తే పక్కకు జరిగి దారి ఇవ్వవలసిందే. ఆ మనిషికి తగ్గ నోరు కూడా ఉంది కాబట్టి ఊరంతా ఆమె నోటి గురించే చెప్పుకునేది, చేతుల సంగతి ఎవరికీ పట్టేది కాదు. నన్నడిగితే చెప్పుకోవలసింది ఆ చేతుల గురించే. ఏడేళ్ల వయసులో పుట్టింట్లో కదురు పట్టింది. గొర్రెబొచ్చు ఏకడంలో, వడకడంలో, ఆ నూలుకు చింతగింజల గంజి పట్టించి గొంగడి నేతకు సిద్ధం చేయడంలో ఆమె పనికి వంక పెట్టినవారు లేరు. తర్వాత మిల్లు దుప్పట్లు వచ్చాయి, గొంగడి అడిగేవాళ్లు లేకుండా పోయారు. అయినా మందకు బొచ్చు కత్తిరించిన ప్రతిసారీ ఒక మూట ఇంట్లో దాచుకునేది. ఎందుకే అని ఎవరైనా అడిగితే, "నా చేతులు ఊకుండయి" అనేది.

2011లో దసరా పోయిన పది రోజులకు ఆమె మొగుడు రామనర్సయ్య గొర్రెల కోసం తుమ్మకొమ్మలు నరుకుతూ చెట్టు మీది నుంచి పడ్డాడు. తల రాయికి తగిలింది. సూర్యాపేట దవాఖానలో మా వల్ల కాదన్నారు, హైదరాబాద్ తీసుకుపోతే తల తెరిచి, మూసి, బతికించి పంపారు. పంపేటప్పుడు డాక్టరు రెండే మాటలు చెప్పాడు. ఏడాది దాకా తలకు గట్టిగా ఏదీ చుట్టకూడదు. తలకు ఎండ తగలకూడదు. గొర్రెలు కాసుకునే మనిషితో ఈ రెండు మాటలూ ఒకేసారి అనడానికి ఆ మహానుభావుడికి నోరెట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రామనర్సయ్య పన్నెండో ఏట రుమాలు చుట్టాడు. ఎర్రటి ఆరు మూరల బట్ట, నాలుగు చుట్లు బిగించి కడితే సాయంత్రం దాకా కదిలేది కాదు. ఇప్పుడది బిగిస్తే కుట్ల మచ్చ కింద నరం లాగుతుంది, వదులుగా కడితే వంగిన ప్రతిసారీ జారి పడుతుంది. గొంగడి కప్పుకుంటే బరువు, గుచ్చుకోవడం. గొడుగు పట్టుకోవచ్చు కదా అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో గొడుగు, మరి ఈనిన గొర్రె దగ్గర పిల్లను ఎత్తుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడి నుంచి తెస్తాడు? ఇక బోడినెత్తితో బజారులోకి రావడమంటే ఆయనకు తల కొట్టేసినట్టే. అందుకని నాలుగు నెలలుగా ఇంట్లోనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తిను అంటే తినేవాడు, పడుకో అంటే పడుకునేవాడు.

ఈ నాలుగు నెలలూ ఆయన తమ్ముడు వెంకటనర్సయ్యే తన మందతో పాటు అన్న మందనూ మేపుకొచ్చాడు. మాఘమాసంలో ఒకరోజు వచ్చి గడపలో కూర్చున్నాడు.

"శివరాత్రి తెల్లారి మఠంపల్లి దిక్కు పోవాలె వదినే. గీడ గడ్డి ఖతమైంది, కృష్ణ ఒడ్డుకు పోతేనే జీవాలు బతుకుతయి. రెండు మందలు నా ఒక్కనితోని కాదు. అన్న వస్తె సరే, లేకుంటె అమ్ముకునుడే."

రామనర్సయ్య ఆ మాట విన్నాడు. గోడకు ఇంకాస్త జారగిలబడ్డాడు. బక్కమ్మకు భయం వేసింది అది చూసే. గొర్రెలు పోతే మళ్లీ వస్తాయి, ఆమెకు ఆ భయం లేదు. మంద లేదని తెలిసిన నాడు ఈ మనిషి ఆ గోడ దగ్గరి నుంచి ఇక లేవడు. ఆమె భయమంతా అదే. శివరాత్రి ఇంకా పన్నెండు రోజులు ఉంది.

ఆ వారమే కోదాడలో ఉండే కూతురు శోభ వచ్చింది. సంచిలో నుంచి ఒక టోపీ తీసింది. బస్టాండు దగ్గర తోపుడు బండి మీద అమ్మే రకం, బూడిద రంగు, మెత్తగా నొక్కినట్టు ఉన్న బట్ట. నడినెత్తిన ఒక సొట్ట, ముందు రెండు వైపులా రెండు సొట్టలు, చుట్టూ తళతళలాడే రిబ్బను, పక్కన ఆకుపచ్చ ఈక. అంచు అరచేయి వెడల్పు.

"నాన్నకు ఎండ తగలకుండా ఉంటుందమ్మా" అంది శోభ.

"ఉంటుందట! కోదాడ పోంగనే మాట గూడ మారింది దీనికి" అని బక్కమ్మ నవ్వింది. రామనర్సయ్య మాత్రం టోపీ వంక ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

"గది పెట్టుకొని పోతె, రామనర్సయ్యా, ఇయ్యాల ఎవలకు టోపి పెడుతున్నవ్ అంటరు" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మోసానికీ టోపీకీ మన భాషలో ముడి వేసిన మహానుభావుడెవరో కాని, ఎండన పడి తిరిగే మనిషి గురించి ఆలోచించలేదు.

శోభ చిన్నబోయి వెళ్లిపోయింది. బక్కమ్మ ఆ టోపీని పట్టుకుని కూర్చుంది. వేళ్లు వాటంతట అవే దాన్ని నలిపి చూశాయి. రిబ్బను ఎత్తి, కింది నుంచి నాలుగు పోగులు లాగి పొయ్యిలో పెట్టింది. గుప్పుమని కాలిన వెంట్రుకల వాసన వచ్చింది.

"ఏమయ్యా! ఇది బట్ట గాదు. గొర్రెబొచ్చు!"

రామనర్సయ్య తల తిప్పాడు. చెయ్యి చాచి టోపీ అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గొర్రెదే" అన్నాడు. మళ్లీ వాసన చూసి, "మన దిక్కు గొర్రెది మాత్రం గాదు" అన్నాడు.

అంతే, బక్కమ్మ కొంగు దోపింది. బొచ్చు అయితే ఇక ఆమె చేతిలో పని. ఈక పీకేసింది, రిబ్బను విప్పేసింది. అన్నం ఎసరు మరుగుతుంటే ఆ ఆవిరి మీద టోపీని పట్టింది. మెత్తబడగానే ఆయన తలంత ఉన్న ఒక కుండకు తొడిగి, అరచేత్తో రుద్ది రుద్ది సొట్టలన్నీ పోగొట్టింది. నెత్తి మీది సొట్ట సరిగ్గా మచ్చను నొక్కే చోటే ఉంది మరి. అంతవరకు బాగానే చేసింది. ఆ తర్వాత పొరపాటు పడింది. బొచ్చు చేతికొస్తే గంజి పెట్టడం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. చింతగింజల గంజి కాచి టోపీ అంతా పట్టించి ఎండకు పెట్టింది. అది ఎండి సొరకాయ బుర్రలాగా అయింది, వేలితో కొడితే టకటకమంది.

గడువు దగ్గర పడుతోంది కాబట్టి రామనర్సయ్య నోరు మూసుకుని దాన్నే పెట్టుకుని గొర్రెల దొడ్డి దగ్గరికి నడిచాడు. ఇంటి ముందు నుంచి బక్కమ్మ చూస్తూనే ఉంది. మందకు ముందు నడిచేది బొల్లి అనే ముసలి గొర్రె. అది తల ఎత్తింది. ఆయనను చూసింది. ముందరి కాలు నేలకేసి టపటపా కొట్టి వెనక్కి తిరిగి ఒక్క దూకు దూకింది. దాని వెనక మందంతా ముళ్లకంప దాటి పక్క పల్లిచేనులో పడింది. వెంకటనర్సయ్య కేకలు వేసుకుంటూ వాటి వెంట పరుగెత్తాడు.

రామనర్సయ్య టోపీ చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. గంజి బిగిసిన అంచు ఒరుసుకుని నుదుటి మీద ఎర్రటి గీత పడింది. ఆ నొప్పి మాటే ఎత్తలేదు.

"బొల్లి నన్ను గుర్తువట్టలే" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బక్కమ్మ ఆ పూట వండలేదు. గంజి పెట్టిన చేతులను తిట్టుకుంది, కూతురిని తిట్టింది, ఆ తుమ్మచెట్టును తిట్టింది. తిట్లన్నీ అయిపోయాక టోపీని తెచ్చి పిట్టగోడ మీద పెట్టి, దూరం జరిగి, కళ్లు చికిలించి చూసింది. గొర్రెకు దూరం నుంచి మనిషి మొహం ఏం తెలుస్తుంది? ఆకారమే తెలుస్తుంది, దగ్గరికొస్తే వాసన తెలుస్తుంది. ఆ వెడల్పాటి అంచు కింద ఉన్నది రామనర్సయ్య అని బొల్లి ఎట్లా అనుకుంటుంది? ఈ టోపీ మనుషులకు నచ్చితే చాలదు. బొల్లికి నచ్చాలి.

టోపీని తొట్టిలో నానబెట్టి గంజి అంతా పోయేదాకా పిసికింది. మళ్లీ ఆవిరి పట్టి కుండకు తొడిగింది. ఆరిన తర్వాత బొచ్చు కత్తెరతో అంచు కత్తిరించింది. నుదుటి మీద నీడ కోసం నాలుగు వేళ్ల వెడల్పు ఉంచి, చుట్టూ రెండు వేళ్లే వదిలింది. ఈసారి గంజి ముందరి అంచుకు మాత్రమే, అదీ ఒక్క పూత. అప్పుడు దండెం మీద నాలుగు నెలలుగా వేలాడుతున్న ఎర్ర రుమాలు తీసింది. టోపీ చుట్టూ వదులుగా నాలుగు చుట్లు చుట్టి, దబ్బనంతో అక్కడక్కడా టోపీకే కుట్టేసింది. ఇక బిగించే పని లేదు, జారే భయం లేదు.

లోపల తన పాత చీర గుడ్డ వేయడానికి కొలత కావాలి. మొగుడి పక్కన కూర్చుంది.

"యాడ నొస్తదో సూపెట్టు."

ఆయన ఆ మచ్చను అంతవరకు ఎవరినీ తాకనివ్వలేదు. ఇప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని, వేలును మచ్చ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తనే నడిపించాడు. చెవి పైనుంచి నడినెత్తి దాకా ఉంది. ఇంత పొడవుందని బక్కమ్మకు తెలియదు. ఆమెకు ఏడుపు వచ్చింది, వచ్చినా కొలత మాత్రం తప్పలేదు. అక్కడ గుడ్డ రెండు మడతలు వేసి కుట్టింది.

కుట్టిన టోపీని ఆయన పాత గొంగడిలో చుట్టి గొర్రెల దొడ్డిలో మూడు రోజులు ఉంచింది. "వదినె టోపిని గూడ మందల కలిపింది" అని వెంకటనర్సయ్య ఊరంతా చెప్పుకుని నవ్వాడు. నవ్వనీ అనుకుంది.

శివరాత్రి ఇంకా రెండు రోజులుందనగా ఉదయం ఆ టోపీ పెట్టుకుని, భుజాన గొంగడి వేసుకుని రామనర్సయ్య దొడ్డి దగ్గరికి వెళ్లాడు. బక్కమ్మ వెంట పోలేదు. గుమ్మంలో నిలబడి విన్నది. చాలాసేపు ఏమీ వినపడలేదు. అప్పుడు ఆయన నాలుక మడిచి మందను పిలిచే కూత వినిపించింది, నాలుగు నెలలుగా ఆ వాడలో వినపడని కూత. వెంటనే గిట్టల చప్పుడు. తొంగి చూస్తే బొల్లి ఆయన ముందు మెడ చాచి నిలబడి ఉంది. ఆయన వంగి తల దాని ముక్కు దగ్గర పెట్టాడు. అది వాసన చూసింది, రుమాలు అంచు నోటితో ఒకసారి లాగి చూసింది, తర్వాత తనకేమీ పట్టనట్టు ఆయన పక్క నుంచి దారిలోకి నడిచింది. మంద దాని వెనక నడిచింది.

ఆ సాయంత్రం బక్కమ్మ బోరింగు దగ్గరి నుంచి నీళ్లబిందె నెత్తిన పెట్టుకుని వస్తుంటే నడిబజారులో మంద ఎదురైంది. రామనర్సయ్య ఆగి ఆమె నెత్తి వంక చూశాడు.

"బిందె కింద గదేందే, బూడిద రంగుది?"

"నీ టోపి అంచు. పారెయ్య బుద్ధిగాక సుట్టబట్ట కుట్టుకున్న. మెత్తగున్నది."

ఆయన తన టోపీని ఒకసారి తడుముకున్నాడు.

"నాకు టోపి పెట్టినవ్. నువ్వూ పెట్టుకున్నవ్. ఇగ ఈ ఊర్ల ఎవలు మిగిలిన్రే?"

చెట్టు మీది నుంచి పడ్డ తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి పరాచికం అది. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. బక్కమ్మ, ఊరంతటికీ జవాబు చెప్పే మనిషి, బిందె దించమని చేత్తో సైగ చేసింది. రామనర్సయ్య కర్ర పక్కన పడేసి, రెండు చేతులా బిందె దించి, నడుము వంచి నేల మీద పెట్టాడు. టోపీ కదలలేదు.