డ్రమ్ము కిటికీలు

పదేళ్ల కిందట ఆగస్టులో, బందరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెరిలైజేషన్ గది బాధ్యత నాకిచ్చారు. అంతకుముందు పద్నాలుగేళ్లు అక్కడే వార్డుబాయ్‌ని. చదువు పదో తరగతితో ఆగింది. ఆవిరి లెక్కలు మిషన్‌తో వచ్చిన పుస్తకం చూసి నేర్చుకున్నాను: 121 డిగ్రీలు, పదిహేను పౌండ్ల ఒత్తిడి, ఇరవై నిమిషాలు. ప్రతి విడతకూ ఈ మూడూ రిజిస్టరులో రాసి సంతకం పెట్టేవాణ్ణి.

ఆపరేషన్ గుడ్డలను గుండ్రటి స్టీలు డ్రమ్ముల్లో సర్ది ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి పట్టే ఆ మిషన్‌లో, పెడతాం. డ్రమ్ము పక్కన చిల్లులు, వాటి మీద జరిపే రేకు ఉంటాయి. వాటిని కిటికీలనేవాళ్లం. ఆవిరి పట్టేటప్పుడు తెరిచి ఉంచి, బయటికి తీయగానే మూయాలి. ఆ వానల్లో గుడ్డలు చెమ్మగా వచ్చేవి. "తడిగుడ్డలిస్తే ఎలాగయ్యా?" అని డాక్టరు గారు రెండుసార్లు కేకలేశారు. నేను కిటికీలు ముందే మూసేసి డ్రమ్మును మిషన్‌లో పెట్టడం మొదలుపెట్టాను. గుడ్డలు అప్పడాల్లా వచ్చాయి. "ఇప్పుడు నేర్చావు పని" అన్నారాయన.

పదకొండు రోజులు అలాగే చేశాను. ఆ రోజుల్లోనే హంసలదీవి నుంచి వచ్చిన నాంచారయ్య అనే మత్స్యకారుడికి హెర్నియా ఆపరేషన్ జరిగింది. నాలుగో రోజు ఇంటికి పంపారు. ఎనిమిదో రోజు దవడ బిగుసుకుపోయి తిరిగొచ్చాడు. ధనుర్వాతం.

ఇంట్లో ఏదో నాటుమందు పూసుంటారని డాక్టరు గారన్నారు. ఆ మాట పట్టుకుని వరండాలో నాంచారయ్య తల్లి కోడలి మీద పడింది.

"ఏం పసరు పూశావే? నా కొడుకుని తినేస్తన్నావు కదే!"

"కట్టు ముట్టుకోలేదత్తా. గంగమ్మ మీద ఒట్టు" అంది కోడలు వీరమ్మ.

ధనుర్వాతపు సూక్ష్మజీవి గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజంగా మారుతుంది. అలా మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. మాకున్న ఇరవై నిమిషాల్లో అది చావాలంటే తడి ఆవిరే తగలాలి, వేడిగాలి చాలదు. మా హెడ్ సిస్టర్ గారు పరీక్షకు రెండు చిన్న సీసాలు తెప్పించారు. వాటిలో హానిలేని జాతి సిద్ధబీజాలుంటాయి. ఒకటి డ్రమ్ము బయట, ఒకటి గుడ్డల మధ్య పెట్టి, రోజూలాగే నడపమన్నారు. తర్వాత రెండు రోజులు వెచ్చగా ఉంచితే బయటి సీసా ఊదాగానే ఉంది, అంటే చచ్చాయి. లోపలిది పసుపుకి తిరిగింది. బతికే ఉన్నాయి.

"రిజిస్టరు సరిగ్గానే ఉంది. కిటికీలు ఎప్పుడు మూస్తున్నావు?" అని సిస్టర్ గారు అడిగారు.

కిటికీలకు రిజిస్టరులో గడి లేదు. అబద్ధం చెప్పినా చెల్లేది. నిజమే చెప్పాను. మూసిన డ్రమ్ములోకి ఆవిరి వెళ్లదు, లోపలున్న గాలే వేడెక్కుతుంది. మర్నాటి మూడు ఆపరేషన్లూ ఆపేశారు. ఆ గుడ్డల నుంచే జబ్బు వచ్చిందని రుజువేమిటని డాక్టరు గారడిగారు. రుజువు లేదు, ఆ మాట నిజమే.

నాంచారయ్య ఆ సాయంత్రం పోయాడు. నేను వరండాలోకి వెళ్లి అత్తాకోడళ్లిద్దరికీ జరిగింది చెప్పాను.

"అయితే నువ్వా?" అంది తల్లి.

వీరమ్మ అడిగింది. "ఈ మాట కాయితం మీద రాసిత్తారా అండీ? ఊళ్లో నేను చెప్తే నమ్మరు."

తేదీలు, డ్రమ్ము నంబరు, సీసా రంగు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. నన్ను మళ్లీ వార్డుకు మార్చారు. యాభయ్యో ఏట ఉద్యోగం మానుకున్నాను.

ఆ గదిలోకి కొత్తగా వచ్చినతనికి నేను చెప్పింది ఇంతే. మీటరు యంత్రంలోని వేడి చెబుతుంది. గుడ్డ మధ్యలో ఏం జరిగిందో చెప్పదు. ఆవిరి వెళ్లి ఆరినా గుడ్డ పొడిగానే ఉంటుంది, అసలు వెళ్లకపోయినా పొడిగానే ఉంటుంది. సీసాను గుడ్డల మధ్యలోనే పెట్టాలి.