తెల్లచెవి తన్నింది

ఆమెకు కోపం వస్తే మాట కన్నా ముందు చెయ్యి లేచేది, చెయ్యి కన్నా ముందు కర్ర లేచేది. అందుకే అందరూ కర్ర పెద్దమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి, ఆమె మలుపు తిరిగాక. గొర్రెల దొడ్డిలో దొంగ దూరితే వాడి ముంజేయి విరగ్గొట్టి, మళ్ళీ తనే దగ్గరుండి కట్టు కట్టించింది. పెళ్ళయిన కొత్తలో మొగుడు ఒక్కసారి చెంప మీద కొట్టాడట. పాలచెంబుతో ఆమె ఇచ్చిన జవాబుకు, బతికున్నంత కాలం ఆయన కనుబొమ మీద మచ్చ ఉండేది. ఆ మచ్చ సంగతి ఆయన నవ్వుతూనే చెప్పేవాడు. నవ్వక ఏం చేస్తాడు పాపం!

ఆయన పోయాక మంద బరువంతా ఆమే మోసింది. కొడుకు లారీ మీద తిరుగుతాడు. ఇంట్లో ఆమె, కోడలు, కోడలి ఒళ్ళో నెల తిరగని పసిది.

పిల్లల్ని దగ్గరకు రానివ్వని గొర్రె అంటే పెద్దమ్మకు ఒళ్ళుమంట. అలాంటిదాని మెడ గుంజకు బిగించి, వెనక కాళ్ళు కట్టేసి, పిల్లల నోట్లో చన్ను పెట్టి తాగించేది. కదిలితే కర్ర. ఎంత పొగరు గొర్రె అయినా దారికొచ్చేది. ఆ పద్ధతి మామగారు నేర్పింది. దాంతో ఆమె చాలా పిల్లల్ని బతికించింది కూడా, ఆ మాట కొట్టిపారేయడానికి లేదు.

ఆ పొద్దున తెల్లచెవి గొర్రె తన కవల పిల్లల్ని తన్ని తరిమింది. అవి నడుములు వంగిపోయి, కడుపులు లోపలికి అంటుకుపోయి అరుస్తున్నాయి.

"తల్లివేనా నువ్వు?" అంటూ పెద్దమ్మ దాన్ని ఈడ్చుకెళ్ళి కట్టేసింది. పిల్ల మూతి పొదుగుకు తగలగానే గొర్రె గుంజ కదిలేలా ఎగిరింది. వీపు మీద కర్ర పడింది. పిల్ల మళ్ళీ నోరు పెట్టింది, గొర్రె మళ్ళీ ఎగిరింది. మెడతాడు బిగుసుకుని నాలుక బయటికొచ్చింది. దెబ్బ మీద దెబ్బ. ఉన్నిలోంచి దుమ్ము లేచింది. చెవి చీలి నెత్తురు కారింది.

ఇంట్లో పసిది గుక్కపట్టి ఏడుస్తోంది.

"దానికి పాలివ్వడానికి నీకేం రోగమే?" అని పెద్దమ్మ దొడ్లోంచే కోడలి మీద కేకేసింది. నిన్నటి నుంచీ ఇదే తంతు. పిల్లను రొమ్ముకు పెట్టుకోగానే కోడలు మెలికలు తిరిగిపోయి పక్కకు లాగేస్తోంది. నిన్న సాయంత్రం "తల్లివేనా నువ్వు?" అంటూనే పెద్దమ్మ ఆమె చెంప పగలగొట్టింది. వేళ్ళ అచ్చులు ఇంకా పోలేదు.

కోడలు గడప దాటి వచ్చింది. జ్వరంతో వణుకుతోంది. వస్తూనే కర్ర పట్టుకుంది. అత్త లాగింది, కోడలు వదల్లేదు. అత్త మోచేత్తో డొక్కలో పొడిచింది. కోడలు తూలి, పళ్ళు బిగించి, కర్ర లాక్కుని గోడకేసి కొట్టింది. అది రెండు ముక్కలైంది.

కోడలు ఆమె మణికట్టు దొరకబుచ్చుకుని, వంచి, చేతిని గొర్రె పొదుగు మీద నొక్కింది. ఒక పక్కంతా రాయిలా గట్టిపడి, పొయ్యి మీది కుండలా కాలుతోంది. చన్నులోంచి నీళ్ళలాంటి పాలు, నెత్తుటి గడ్డలతో కారాయి. కోడలు అదే చేతిని లాగి తన రొమ్ము మీద పెట్టుకుంది. రవిక లోపల అదే గట్టిదనం, అదే వేడి.

"చెప్తే వినవు గదా అత్తా! ఇది పొగరు కాదు, నొప్పి. నన్నూ ఆ గుంజకే కట్టేస్తావా? కట్టెయ్యి!"

పెద్దమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎన్ని గొర్రెల్ని కట్టింది ఆ గుంజకు! ఒక్కదాని పొదుగైనా తడిమి చూసిందా? కొన్ని పొదుగు నల్లబడి, కుళ్ళి చచ్చిపోయాయి. పిల్లల్ని కాదన్న పాపం తగిలిందని తిడుతూ వాటిని పాతిపెట్టింది. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆటో పిలుస్తా. ఆస్పత్రికి పద. పశువుల డాక్టరుకూ ఫోను చేస్తా," అంది.

"ముందు దాని తాళ్ళు విప్పు."

పెద్దమ్మ మెడతాడు వదులు చేసి, వెనక్కెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. కాళ్ళ ముడి ఊడిందో లేదో, తెల్లచెవి ఆమె మూతి మీద ఫాట్‌మని తన్నింది. పెద్దమ్మ వెల్లకిలా పడింది. పెదవి చిట్లి, ముందు పన్ను ఊడింది. అలవాటు కొద్దీ కుడిచెయ్యి పైకి లేచింది. కోడలు అడ్డం రాబోయింది.

చెయ్యి దించేసి, పెద్దమ్మ నెత్తురూ పన్నూ కలిపి ఉమ్మింది. లేచి మళ్ళీ అక్కడే, ఆ కాళ్ళకు అందేలా కూర్చుంది.

"తన్నవే," అంది గొర్రెతో. "చచ్చిపోయిన వాటి తరఫున కూడా తన్ను."