వెనక చక్రాల నూనె

మా తమ్ముడి భూస్థాపన అయ్యాక అతని ట్రాక్టరు వానాకాలం పోయేదాకా రేకుల పాకలోనే ఉంది. పత్తి తీతలు అయిపోయి కట్టె దున్నే రోజుల్లో మా మరదలు దాన్ని బయటికి తీసింది. అది పాత బండి. వారం తిరక్కముందే వెనక చక్రాలు రెండింటి లోపలి వైపునా నూనె కారడం మొదలైంది.

నేను చూడ్డానికి వెళ్ళినరోజు పక్క చేను ఆయన వాకిట్లో ఆగి, "తోలేవాడు పోయాడని బండి కన్నీళ్ళు పెట్టుకుంటందమ్మా" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. గుంటూరులో, బ్రాడీపేటలో ఉంటూ చాలా ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని. మనిషి దుఃఖాన్ని వస్తువులకు అంటగట్టే వాక్యాలు చదివీ చదివీ విసుగుపుట్టింది. నూనె కారుతోందంటే ఎక్కడో ఏదో అరిగిందని అర్థం, అంతే.

మెకానిక్కు కూడా అదే చెప్పాడు. చక్రానికీ గేరు పెట్టెకూ మధ్య ఇరుసు బయటికి వచ్చేచోట రబ్బరు సీలు ఉంటుందట. అది పాడైతే లోపలి నూనె బ్రేకుల మీదకి చేరుతుంది. అతను రోడ్డు పక్క షెడ్డులో పని చేస్తాడు, మా తమ్ముడికి స్నేహితుడు. కొత్త సీళ్ళు వేసి వెళ్ళాడు. నాలుగు రోజులు దున్నేసరికి మళ్ళీ కారింది.

ఇంతలో మిరపకాయలు కల్లంలో ఎండిపోయాయి. వాటిని టిక్కీ బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీకి చేర్చాలి. ఆ బస్తాలు ట్రాక్టరు వెనక ట్రక్కుకు వేసుకుని తానే తోలుకుపోతానని మరదలు పట్టుబట్టింది. తోలడం ఆమెకు తమ్ముడే చేలో నేర్పాడు. కానీ దారిలో కాలవ కట్ట ఎక్కి దిగాలి. బరువుతో దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే బండి నేరుగా కాలవలోకే పోతుంది. ఆమె అన్నదమ్ములు బండి అమ్మెయ్యమంటున్నారు. ఒంగోలు వైపు నుంచి ఒకాయన ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. "ఈసారీ కారితే ఇచ్చేస్తా వదినా. ఒక్కసారి చేయించి చూస్తా. నువ్వు దగ్గరుండు" అని నాకు ఫోను చేసింది. అమ్మమని నేను అనలేదు, వద్దనీ అనలేదు. శుక్రవారం బస్సెక్కి వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి ఆమె చేలోంచి వచ్చి అప్పుడే బండి దిగుతోంది. మెకానిక్కు వేపచెట్టు కింద జాకీ, చెక్కదిమ్మలు దించుతున్నాడు.

"ఏందక్కా, నిజంగానే కోల్డ్ స్టోరేజీ దాకా తోలతావా? ముందు స్కూటీ నేర్చుకో" అన్నాడు.

"స్కూటీ వెనక కట్టుకుపోనా బస్తాలు? నువ్వు ముందు నూనె ఆగేటట్టు చూడు. పోయినసారి కూడా ఇట్టాగే కబుర్లు చెప్పి పోయావు."

"సీలు కొత్తదే వేశా గదా! ఇరుసే అరిగిందేమో. ఎవడన్నా రెండు పక్కలా ఒకేసారి కారింది చూశాడా?"

"నన్నడుగుతావేంది? మెకానిక్కువి నువ్వా నేనా?"

చక్రాలు విప్పేముందు నూనె దించాలని అతను గేరు పెట్టె పైనున్న మూత తిప్పాడు. మూత వదులవగానే బుస్సుమని గాలి తన్నుకొచ్చి అతని మొహం మీద నూనె తుంపర పడింది. అతను వెనక్కి తగ్గి, చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, మళ్ళీ మూత వైపు వంగాడు.

"లోపల గాలి బిగిసింది. పోయినసారి చల్లటి బండి విప్పా, తెలవలేదు. బ్రీదరు మూసుకుపోయినట్టుంది."

లోపలి నూనె కాగినప్పుడు గాలి బయటికి పోవడానికి పైన ఒక చిన్న రంధ్రం ఉంటుందట. అది మూసుకుపోతే గాలికి దారి లేక నూనెను సీళ్ళ మీదకి నెడుతుంది. కొత్త సీలైనా ఆగదు.

"మూసుకుపోవడం కాదు, అక్కడ గుడ్డ ఉంటది" అంది మరదలు.

"గుడ్డేంది?" అన్నాడు మెకానిక్కు.

"పొన్నూరు పక్క దమ్ముకి పోయినప్పుడు బురదనీళ్ళు లోపలికి పోకుండా తనే కుక్కుతాడు. నేనే చింపి ఇచ్చేదాన్ని. దమ్ము అయిపోయి రోడ్డెక్కగానే పీకేస్తాడు."

అంటూ సీటు వెనక్కి వేలు పెట్టి చూపించింది.

పోయిన వరినాట్లప్పుడు తమ్ముడు పొన్నూరు దగ్గర నీళ్ళు పెట్టిన పొలంలో దమ్ము చేస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ట్రాక్టరును ఎవరో తెలిసినవాళ్ళు ఊరికి తోలుకొచ్చారు. వాళ్ళకు గుడ్డ సంగతి తెలియదు.

మెకానిక్కు సీటు వెనక గట్టిపడిన మట్టిని స్క్రూడ్రైవరుతో గీకి, గుడ్డను మెల్లగా బయటికి లాగాడు. బొటనవేలంత ఉండ. మట్టి రాలగొడితే నీలం గళ్ళ లుంగీ అంచు కనిపించింది. అతను దాన్ని ఎవరికివ్వాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు. మరదలు చెయ్యి చాపి తీసుకుంది.

"ఇక విప్పు. పొద్దుపోతంది" అంది.

ఒత్తిడికి సీళ్ళు మెలిపడ్డాయి కాబట్టి మళ్ళీ కొత్తవి వెయ్యక తప్పలేదు. అతను ఇరుసు లాగి, పాతవి పెకలించి, కొత్తవాటి అంచుకు గ్రీజు రాసి, చెక్కముక్క అడ్డం పెట్టి చుట్టూ సమంగా తట్టుకుంటూ దించాడు. నూనె తాగిన బ్రేకు లైనర్లను మేమిద్దరం పెట్రోలుతో కడిగాం. అవి మరీ నానిపోయాయని అతను చివరికి వాటినీ మార్చాడు. పని పూర్తయ్యేసరికి శనివారం మధ్యాహ్నమైంది.

తరువాత ఆమె ట్రక్కుకు సగం బస్తాలెత్తించి చేను చుట్టూ బండి బాగా కాగేదాకా తిప్పింది. చక్రాల లోపల తెల్ల కాగితం పెట్టి తుడిచాను. దుమ్మే అంటుకుంది. ఆపైన ఆమె కాలవ కట్ట ఎక్కి, అవతలి వైపు సగం దిగి ఆపింది. బండి ఆగింది. మెకానిక్కు చక్రం కింద పెడదామని చేతుల్లో పట్టుకున్న రాయిని పక్కన పడేశాడు. ఆమె బ్రేకు మీద కాలు తియ్యకుండా అట్లాగే కూర్చుంది. 

ఇంటికొచ్చాక ఒంగోలు ఆయనకు ఫోను చేసి రావద్దని చెప్పింది. ఆ గుడ్డను డీజిల్లో కడిగి, పిండి, తీగ మీద ఆరేసింది. సాయంత్రం దాన్ని మడిచి ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో పెడుతుంటే చూశాను.

"మళ్ళీ ఎందుకది?"

"దమ్ముకి పోవద్దా మరి?"

"తియ్యడం మర్చిపోతేనో?"

ఆమె పెట్టె మూసి గొళ్ళెం వేసింది.

"దమ్ములు అవగానే నువ్వు ఫోను చెయ్యి వదినా. తీశావా అని అడుగు."