సాల్మన్‌రాజు కూనిరాగం

నర్సీపట్నంలో మెకానిక్ సాల్మన్‌రాజు మితభాషి. పని సవ్యంగా సాగితే మాత్రం పెదవులు కదలకుండానే చర్చి పాట ఒకటి తీస్తూ ఉంటాడు. పాట ఆగిందంటే అన్నానికి లేవడని తెలిసి, షెడ్డు వెనక వంటింట్లో భార్య రాచెల్ పొయ్యి వెలిగించదు. ఆ శనివారం పొద్దుటి నుంచీ పాట లేదు. పాస్టరుగారి పాత కారుకి వ్యాను ఇంజను ఎక్కించాడు. తెల్లారితే ఆయన అందులోనే కొయ్యూరు ఆరాధనకి వెళ్ళాలి. తాళం తిప్పితే చాలు, కార్బురేటరు పొంగి పెట్రోలు వేడి ఇంజను మీదికి కారుతోంది. లోపలికొచ్చే పెట్రోలును ఆపే సూది మార్చాడు, ఆ సూదిని నొక్కే ఫ్లోటు సరిచేశాడు. తాను ముచ్చటపడి బిగించిన పెట్రోలు తోసే కొత్త కరెంటు పంపును అనుమానించడానికి మాత్రం మనసొప్పలేదు.

మధ్యాహ్నం దాటాక చెవి గోక్కుంటూ ఆ పంపు మీద చెయ్యి వేశాడు. "నువ్వేనేటి ఇంత జోరుగా తోసేస్తన్నావు?" అన్నాడు. ఆ జోరుకి పాపం సూది ఏమాగుతుంది? పెట్రోలు గొట్టం మధ్యలో మూడు మూతుల టీ జాయింటు పెట్టి, ఎక్కువైన పెట్రోలు తిరిగి ట్యాంకులోకి పోయేలా మరో గొట్టం వేశాడు. స్టార్ట్ చేసి కార్బురేటరు కింద వేలితో తడిమాడు. పొడిగా ఉంది. నమ్మకం చాలక మళ్ళీ తడిమాడు. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని బానెట్‌కి ఆనుకున్నాడో లేదో, వంటింట్లోంచి కేక వినబడింది: "ఎసరెట్టీసేనండీ, బేగి సేతులు కడుక్కోండి!"

తాను పాడుతున్నట్టు అప్పుడు గాని అతనికి తెలియలేదు.