సగం సూర్యుడు

మా వీధిలో ఎవరింటి గోడలకైనా సున్నం వేస్తుంటే నాకు ఆమె గుర్తొస్తుంది. పేరు అడగలేదు.

రేపల్లె పాసింజరు తెనాలి దాటగానే, ఎదుటి సీట్లో ఉన్న ఆమె సంచిలోంచి బొంత తీసి ఒళ్ళో పరుచుకుంది. పాత చీరలు కలిపి కుట్టిన బొంత. పైపొర మాత్రం పల్చటి తెల్లచీర. దాని మీద పిల్లలు గీసే బొమ్మలు: పడవకంటే పెద్ద చేప, మెడ లేని మనిషి. అన్నీ రంగుదారాలతో కుట్టేసింది. ఒక్క సూర్యుడే ఇంకా పెన్సిల్ గీతగా ఉన్నాడు.

“అక్కా, ఈ పసుపుపచ్చ దారం కాస్త ఎక్కించి పెడతారా? కుదుపుకి నావల్ల కావట్లేదండి,” అంటూ సూది అందించింది.

సూర్యుడికి సరిపోవాలని పొడుగ్గానే తెంచి ఎక్కించాను.

“బొమ్మలు ఎవరివమ్మా?”

“మా పాపవండి. గోడ మీద బొగ్గుతో గీసింది. రెండు క్రిస్మస్‌లు సున్నం వెయ్యనివ్వలేదు నేను. ఈసారి ఇంక తప్పదన్నారు మావారు. అందుకే చీర గోడకి ఆనించి, ఎలా ఉన్నవి అలాగే దించుకున్నానండి.”

సూర్యుడి గీత సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. ఆమె సూది కూడా అక్కడే ఆగింది. ముడి వేసి దారం తెంచింది.

“మిగతా సగం నువ్వే గీసి కుట్టెయ్యొచ్చుగా?” అన్నాను.

“అక్కడిదాకా గీసి, ఒళ్ళు వెచ్చగా ఉందమ్మా అంటూ వచ్చి పడుకుందండి. ఇంక లేవలేదు.”



భట్టిప్రోలు వస్తుంటే, దుమ్ము పడకుండా బొమ్మలు లోపలికి పెట్టి బొంత మడిచింది. సూది పైటకి గుచ్చుకుని దిగిపోయింది. నేను పొడుగ్గా తెంచిన దారం సగం ఆ సూదికే వేలాడుతోంది.